మోగితే ఇనుము

ఈ ఊళ్ళో ఇనుముకి ఆయుష్షు తక్కువ.
కిటికీ ఊచలు, గేటు గొళ్ళాలు, డాబా మీద డిష్షు కాడ,
అన్నిటినీ సముద్రం రోజూ కొంచెం కొంచెం నాకిపోతుంది.
ఇరవయ్యేడేళ్ళుగా నా ఉద్యోగమే అది:
డ్రైడాక్‌లో ఓడ పొట్ట కింద నిలబడి
చిన్న సుత్తితో కొట్టి వినడం.
మోగితే ఇనుము. గొణిగితే తుప్పు.
గొణిగినచోట సుద్దముక్కతో సున్నా చుట్టి
"ప్లేటు మార్చవలెను" అని రాయడం.

అందుకే రైల్వే క్వార్టర్స్ వెనక షెడ్డులో
రోజలిన్ గారు టార్పాలిన్ లాగినప్పుడు
నేను రంగు చూడలేదు.
ఎరుపేలే. ఏడాది నిలవున్న పండుమిరప ఎరుపు.
జేబులోంచి సుత్తి తీశాను.
తలుపుల కింద, దీపాల చుట్టూ, సీట్ల అడుగున
తట్టుకుంటూ పోయాను.
అరవై నాలుగు నాటి ట్రయంఫ్. రెండే సీట్లు.
టాపు ఎలకలు తిన్నాయి.
మీటరు ముల్లు నలభై మైళ్ళ దగ్గర ఆగిపోయింది,
ఎక్కడికో బయల్దేరినవాడు దారిలో నిద్రపోయినట్టు.
సగం మోగింది. సగం గొణిగింది.

"డాక్టరులా చూస్తున్నారు," అందావిడ.
"మా ఆయనైతే ముందు హారన్ కొట్టేవాడు."

కొట్టాను. పలకలేదు.
అయినా కొన్నాను,
మధురవాడలో స్థలానికని దాచిన డబ్బుతో.
కుసుమ రెండ్రోజులు మాట్లాడలేదు.
మూడోరోజు అంది:
"కనీసం డిక్కీ అయినా ఉందా దానికి?"

ఆటోనగర్‌లో దాలినాయుడు
మూడేళ్ళు విప్పాడు, ఒక ఏడాది బిగించాడు.
కోల్‌కతా నుంచి బ్రేకు డ్రమ్ములు,
కోయంబత్తూరు నుంచి ఊచల చక్రాలు,
ఇంగ్లండు నుంచి అరచేతంత గాస్కెట్టు,
దానికన్నా బరువైన కస్టమ్స్ కాగితాలు.
టాపు మాత్రం ఎక్కడా దొరకలేదు.

"రెండు కార్బురేటర్లు బాబూ, తోడికోడళ్ళు.
ఒకర్తె ఎక్కువ ఊపిరి తీస్తే
రెండోది ఊరుకోదు."
రబ్బరు గొట్టం ఒక కొస చెవిలో,
ఒక కొస కార్బురేటరు నోట్లో పెట్టి
స్క్రూ పావుచుట్టు తిప్పి
కళ్ళు మూసుకున్నాడు.
ఆ మొహం నాకు తెలుసు.
ఓడ కింద నా మొహమే.

చివర్లో ఒక బోల్టు మిగిలింది.
ఎక్కడిదో అతనికీ అంతుపట్టలేదు.
"ఉంచండి బాబూ. కావాలంటే అదే అడుగుతాది."

తెల్లారగట్ల అయిదుకి బీచ్‌రోడ్డు.
టాపు లేదు కాబట్టి ఆకాశం ఉంది.
ఋషికొండ వంపులో మూడోగేరు నాలుగులో పడితే
అటక మీద చెంబు సర్దుకున్న చప్పుడు.
నలభై దాటితే అద్దం వణుకుతుంది,
అరవై దాటితే నేను.

మంగమారిపేట దగ్గర ఊరికే ఆగిపోయింది.
బానెట్ ఎత్తి, దించి, మళ్ళీ ఎత్తేసరికి
బస్సు తప్పిపోయిన ఒకామె, నెత్తిన చేపల తట్టతో:
"టాపు కొనడానికి డబ్బుల్లేవేటి బాబూ?"
జవాబు కోసం ఆగలేదు.
ఎక్కి కూర్చుంది, తట్ట ఒళ్ళో పెట్టుకుని.
ఎందుకో అప్పుడే స్టార్టయింది.

తగరపువలస దాకా కోనాం నీళ్ళు
కాన్పూరు తోలు మీద బొట్టు బొట్టు.
నాలుగు నెలలు ఎదురుచూసిన తోలు.
ప్రతి బొట్టూ లెక్కపెడుతున్నాను.
ఆమె ముడి ఊడిపోయి జుట్టంతా గాల్లో.
"పడవలాగుంది," అంది.
"నీటికి దగ్గిరగా కూకున్నట్టు."
అప్పుడు లెక్క మర్చిపోయాను.

దిగుతూ పది రూపాయలు చేతిలో పెట్టింది.
తీసుకున్నాను.

డిసెంబరులో పాతకార్ల ప్రదర్శనకి తీసుకెళ్ళాను.
జడ్జీగారు వంగి సీటు వాసన చూశారు,
నావైపు చూశారు,
కాగితం మీద ఏమీ రాయకుండా పక్కకారుకి వెళ్ళిపోయారు.

నిన్న ఎడమ తలుపు కింద తట్టాను.
ఒకచోట, బొటనవేలంత మేర, గొణిగింది.
సుద్దముక్క తీసి
మళ్ళీ జేబులోనే వేసుకున్నాను,
బోల్టు పక్కన.
అది ఇంకా అడగలేదు.

హారన్ ఇప్పటికీ పలకదు.
దారికి అడ్డొచ్చిన ఆవులకి
నేనే కేకేస్తాను.